క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ: ఆమోదానికీ రోగికీ నడుమ ఉన్న దూరం

(నగర తెలుగు కుటుంబాల ఆరోగ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పరేల్‌లోని టాటా మెమోరియల్ సంస్థను ముంబయి తెలుగువారు టాటా ఆసుపత్రి అనే పిలుస్తారు. 1941 ఫిబ్రవరి 28న ప్రారంభమైన ఆ ఆసుపత్రి 1962 నుండి కేంద్ర ప్రభుత్వ అణుశక్తి విభాగం ఆధీనంలో నడుస్తున్నది. చుట్టుపక్కల బట్టల మిల్లులు నడిచిన రోజులలో పాలమూరు, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుండి వచ్చిన కార్మికులు ఆ వీధులలోని చాళ్లలో కాపురాలు చేశారు. మిల్లులు మూతపడ్డాయి. ఆసుపత్రి మిగిలింది, దాని ముందరి కాలిబాటపై తెలుగు మాటా మిగిలింది. ఇవాళ కూడా అక్కడ నిలబడితే పాలమూరు యాసా, శ్రీకాకుళం యాసా పక్కపక్కనే వినవచ్చు. చేతిలో ఫైలు, సంచిలో రొట్టెలు, పక్కన నోటికి గుడ్డ అడ్డం పెట్టుకొని కూర్చున్న మనిషి.

కొన్నేళ్లుగా ఆ కాలిబాటపై ఒక మాట తరచుగా వినిపిస్తున్నది. "ఇమ్యునో ఇస్తే మంచిదన్నారు, కానీ ఖర్చు చాలా అవుతుందట." డాక్టరు గదిలో ఆ మాట విని బయటికి వచ్చిన కుటుంబం మొదట చేసే పని ఊరికి ఫోన్ చేయడం. అవతలి వైపు నుండి వచ్చే మొదటి ప్రశ్న, చెరువు కింది ఎకరం అమ్మాలా అని. ఆ ఫోనుకూ ఆ అమ్మకానికీ మధ్య తెలుసుకొనవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఈ ప్రసంగం వాటి గురించే.

ముందుగా పేరు సంగతి. క్యాన్సర్‌ను మన పెద్దలు రాచపుండు అన్నారు. ఇమ్యునోథెరపీని తెలుగు పత్రికలు సాధారణంగా "రోగనిరోధక శక్తిని పెంచే చికిత్స" అని వ్రాస్తున్నాయి. ఈ అనువాదం చేసిన అనర్థం తక్కువ కాదు. మందుల దుకాణంలో, పూజా సామగ్రి దుకాణంలో కూడా రోగనిరోధక శక్తిని పెంచుతామని చెప్పుకొనే పొడులు, కషాయాలు, చ్యవనప్రాశలు దొరుకుతాయి. రెండింటికీ ఒకే మాట వాడితే, లక్షలు పెట్టి ఎక్కించే మందూ ఈ పొడీ ఒకే కోవకు చెందినవని, పొడి చవక గనుక దానితో సరిపెట్టుకోవచ్చునని ఎవరికైనా తోచడం సహజం. ఈ రెంటికీ ఎటువంటి సంబంధమూ లేదు. ఇప్పుడు వాడుకలో ఉన్న ప్రధానమైన ఇమ్యునోథెరపీ మందులు శరీరానికి శక్తిని చేర్చవు; శరీరంలో అప్పటికే ఉన్న శక్తికి పడిన కళ్లెం తీస్తాయి.

శరీరపు స్వంత రక్షణ బలాన్ని క్యాన్సర్ మీదికి ఉసిగొలిపే ఆలోచన కొత్తది కాదు. న్యూయార్క్ శస్త్రవైద్యుడు విలియం కోలీ 1891లోనే గడ్డలున్న రోగులకు బతికి ఉన్న సూక్ష్మజీవులను సూదితో ఎక్కించాడు. కొందరికి గడ్డలు కరిగాయి, ఎందువల్లనో ఆయన వివరించలేకపోయాడు. పసిపిల్లలకు భుజం మీద మచ్చ పడేలా వేసే క్షయ టీకా, బీసీజీ, అందరికీ తెలిసినదే. ఆ టీకా మందునే మూత్రాశయంలోకి పంపి అక్కడి పైపొర క్యాన్సర్‌ను అదుపు చేయవచ్చునని కెనడా వైద్యుడు ఆల్వరో మోరాలెస్ 1976లో తొమ్మిది మంది రోగుల అనుభవంతో ప్రకటించాడు. ఆ చికిత్స ఇప్పటికీ వాడుకలో ఉన్నది, ఖర్చూ తక్కువ. కనుక ఇమ్యునోథెరపీ అన్న ప్రతిదీ ఖరీదైనది కాదు. ఖరీదైనది దాని కొత్త శాఖ.

ఆ కొత్త శాఖ పని చేసే తీరు మిల్లు కార్మికుల ఇళ్లలో పెరిగినవారికి సులువుగానే బోధపడుతుంది. మిల్లు గేటు వద్ద కావలివాడు ఉంటాడు. పాసు చూపినవాడిని లోనికి పోనిస్తాడు, చూపనివాడిని ఆపుతాడు. రక్తంలోని తెల్లకణాలలో టీ-కణాలు అనేవి ఇటువంటి కావలివారు. పరాయి కణాన్ని పట్టుకొని చంపడం వాటి పని. అవి పొరపాటున సొంత కణాలనే చంపకుండా ప్రకృతి వాటి ఒంటి మీద పీడీ-1 అనే ఒక మీటను అమర్చింది. ఎదుటి కణం పీడీ-ఎల్1 అనే గుర్తును చూపి ఆ మీటను నొక్కితే టీ-కణం చేతులు ముడుచుకుంటుంది. అనేక క్యాన్సర్ కణాలు ఈ గుర్తును దొంగపాసులాగా తమ ఒంటి నిండా తగిలించుకొని తిరుగుతాయి. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అనే మందులు ఆ మీట మీద మూతలా కూర్చుంటాయి. దొంగపాసు ఇక చెల్లదు. కావలివాడు తన పని తాను చేస్తాడు.

ఈ మీటను 1992లో జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజో బృందం గుర్తించింది. సీటీఎల్ఏ-4 అనే మరొక మీటను మూసి ఎలుకలలో క్యాన్సర్‌ను నయం చేయవచ్చునని అమెరికాలో జేమ్స్ ఆలిసన్ చూపించారు. వారిద్దరికీ 2018లో వైద్యశాస్త్ర నోబెల్ లభించింది. ప్రయోగశాల నుండి మందు ఆమోదం వరకు దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. ఆలిసన్ మార్గంలో వచ్చిన ఇపిలిముమాబ్‌ను మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011 మార్చిలో ఆమోదించింది. నివోలుమాబ్‌కు 2014 జూలైలో జపాన్, పెంబ్రోలిజుమాబ్‌కు అదే ఏడు సెప్టెంబరులో అమెరికా ఆమోదం తెలిపాయి.

ఈ మందు పేరు సామాన్యుల చెవిన పడింది అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ వల్ల. 2015 ఆగస్టులో, తొంభై ఏళ్ల వయసులో, తనకు మెలనోమా మెదడుకు కూడా పాకిందని ఆయన స్వయంగా ప్రకటించారు. శస్త్రచికిత్స, రేడియేషన్, వాటితోపాటు పెంబ్రోలిజుమాబ్ తీసుకున్నారు. ఆ డిసెంబరుకే మెదడులో క్యాన్సర్ జాడ లేదని తెలియజేశారు. ఆ తరువాత తొమ్మిదేళ్లు జీవించి, నూరేళ్లు నిండాక 2024 డిసెంబరు 29న కన్నుమూశారు. ఆ కథ నిజం. అయితే ఆ కథను కాలిబాట మీది రోగికి అన్వయించడంలోనే చిక్కు ఉన్నది. ఆయనది మెలనోమా. ఈ మందులకు బాగా లొంగే రకాలలో అది ఒకటి. మన దేశంలో అది అరుదు. మన దేశంలో పురుషులను ఎక్కువగా పట్టి పీడించేది నోటి క్యాన్సర్.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో కొత్తగా బయటపడిన పెదవి, నోటి క్యాన్సర్లు 1 లక్షా 40 వేలకు పైమాటే. కారణం ఈ సభకు విప్పి చెప్పనక్కరలేదు. ఉత్తరాంధ్ర తీరంలో కాలే కొనను నోటి లోపల పెట్టుకొని త్రాగే అడ్డపొగ, తెలంగాణ పల్లెలలో అంబర్, గుట్కా, ఈ రాష్ట్రానికి వచ్చాక అలవడిన మావా, ఖైనీ, పళ్లకు రుద్దుకొనే మిశ్రీ. షోలాపూర్‌లో, భివండీలో, కామాఠీపురలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలలో బీడీలు చుట్టిన చేతులూ ఎన్నో. పొగాకు తెలుగువారికి తిండి పెట్టింది, తిరిగి తీసుకున్నదీ లెక్కలేనంత.

మరి నోటి, గొంతు క్యాన్సర్లలో ఈ మందులు ఏ మేరకు పనిచేశాయి? 361 మంది రోగులపై జరిగిన అంతర్జాతీయ పరీక్ష ఫలితాల ఆధారంగా ఎఫ్‌డీఏ 2016 నవంబరులో నివోలుమాబ్‌ను ఆమోదించింది. మామూలు కీమో ఒకసారి తీసుకొన్నా తిరగబెట్టిన లేదా పాకిన రోగులు వారు. పాత మందులు తీసుకున్నవారిలో ఏడాది తరువాత బతికి ఉన్నవారు నూటికి 17 మంది, నివోలుమాబ్ తీసుకున్నవారిలో 36 మంది. రెట్టింపుకు మించిన ఈ తేడా చిన్నది కాదు. అయినా అదే పరీక్షలో గడ్డ గణనీయంగా కుంచించుకుపోయినవారు నూటికి 13 మంది మాత్రమే. మధ్యస్థ ఆయువు 5.1 నెలల నుండి 7.5 నెలలకు పెరిగింది. కొందరికి ఏళ్ల తరబడి మేలు, ఎక్కువమందికి ఏమీ లేకపోవడం: ఈ మందుల స్వభావం ఇది. ఎకరం అమ్మే ముందు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆశ ఉన్నదని చెప్పే డాక్టరు అబద్ధం చెప్పడం లేదు, హామీ ఇవ్వలేనని చెప్పే డాక్టరూ మనసు లేనివాడు కాడు.

ఎవరికి పనిచేసే అవకాశం ఎక్కువో కొంతవరకు ముందే అంచనా వేయవచ్చు. గడ్డ ముక్కలో పీడీ-ఎల్1 గుర్తు ఎంత ఉన్నదో చూసే పరీక్ష ఒకటి ఉన్నది. కీమోకు ముందే, మొదటి మందుగానే పెంబ్రోలిజుమాబ్‌ను ఇవ్వడానికి 2019లో వచ్చిన ఆమోదం ఈ పరీక్షతో ముడిపడినదే. శస్త్రచికిత్సకు ముందూ వెనుకా ఇవ్వడానికి 2025 జూన్‌లో అమెరికాలో వచ్చిన ఆమోదమూ అంతే. బయాప్సీ చేసిన మైనపు దిమ్మ ఆసుపత్రి వద్ద భద్రంగా ఉంటుంది, దానిమీదనే ఈ పరీక్ష చేయవచ్చు. "పీడీ-ఎల్1 చూశారా, ఎంత వచ్చింది?" అని అడగడం రోగి కుటుంబానికి ఉన్న హక్కు. ఇంగ్లీషు రాకపోతే ఆ నాలుగు మాటలు కాగితం మీద వ్రాయించుకొని వెళ్లినా చాలు.

ఇక మోతాదు సంగతి. ఆమోదం అనేది మందుకు మాత్రమే కాక, ఫలానా జబ్బుకు ఫలానా మోతాదులో ఫలానా వ్యవధిలో అన్న నియమానికి కూడా లభిస్తుంది. పెంబ్రోలిజుమాబ్‌ను 2014లో మొదట ఆమోదించినప్పుడు కిలో బరువుకు 2 మిల్లీగ్రాముల చొప్పున మూడు వారాలకు ఒకసారి ఇవ్వాలన్నారు. అంటే 50 కిలోల మనిషికి 100 మిల్లీగ్రాములు. కొన్నాళ్లకు దానిని అందరికీ ఒకటే అన్నట్లు 200 మిల్లీగ్రాములుగా స్థిరపరిచారు. లెక్కకు సౌకర్యం, నర్సుకు సౌకర్యం. బక్కపలుచని రోగికి మాత్రం, అంతకుముందు సరిపోయిందన్న దానికి రెట్టింపు మందు, రెట్టింపు ఖర్చు. మెలనోమా రోగులలో కిలోకు 2, 10 మిల్లీగ్రాముల మోతాదులను పోల్చి చూసినప్పుడు ఫలితంలో చెప్పుకోదగిన తేడా కనబడలేదన్నది కూడా అప్పటికే తెలిసిన విషయం. నివోలుమాబ్‌దీ ఇదే దారి. కిలోకు 3 మిల్లీగ్రాములతో మొదలై రెండు వారాలకు 240 మిల్లీగ్రాములుగా స్థిరపడింది. తొలిదశ పరీక్షలలోనే కిలోకు 0.3 మిల్లీగ్రాముల స్వల్ప మోతాదుకు కూడా టీ-కణాల మీది మీటలు చాలా వరకు మూతపడినట్లు కనబడింది. మీట ఒకసారి మూతపడ్డాక దానిమీద ఇంకొక మూత పెట్టి ప్రయోజనమేమిటన్న ప్రశ్న చాలామంది వైద్యులకు తోచింది. దానిని గట్టిగా అడిగి, పరీక్షించి, జవాబు వెదికినవారు పరేల్‌లో ఉన్నారు.

టాటా మెమోరియల్ వైద్యులు విజయ్ పాటిల్, కుమార్ ప్రభాష్, వారి సహచరులు, శస్త్రచికిత్సకు వీలులేని తల, మెడ క్యాన్సర్ రోగులు 151 మందిని రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి నోటి ద్వారా ఇచ్చే మూడు చవక మందులు: మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్. రెండవ వర్గానికి అవే మూడు మందులు, వాటికి తోడు మూడు వారాలకు ఒకసారి నివోలుమాబ్, కేవలం 20 మిల్లీగ్రాములు. ఆమోదిత మోతాదుతో పోలిస్తే ఇది నూటికి ఆరు పాళ్లు. 2022లో ప్రకటించిన ఫలితాలను బట్టి, ఏడాది తరువాత బతికి ఉన్నవారు మొదటి వర్గంలో నూటికి 16 మంది, రెండవ వర్గంలో 43 మంది. మధ్యస్థ ఆయువు 6.7 నెలల నుండి 10.1 నెలలకు పెరిగింది. తీవ్రమైన దుష్ఫలితాలు పెరగలేదు. ఆ పరిశోధన జరగడానికి కారణాన్ని కూడా ఆ వైద్యులు దాచుకోలేదు. పూర్తి మోతాదును కొనగలిగే రోగులు మన వంటి దేశాలలో నూటికి ఒకరు నుండి ముగ్గురే. మిగిలిన తొంభై ఏడు మందికి ఆమోదం పొందిన మందు ఉన్నా లేనట్లే.

ఇక్కడ ఒక్క మాట. ఆ మూడు చవక మందులలో మొదటిదైన మెథోట్రెక్సేట్ చరిత్రలో ఒక తెలుగు పేరు ఉన్నది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు మందులు అక్కడే తయారయ్యాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ పిల్లలకు వాడి సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించిన ఫలితాలతోనే కీమో చికిత్సకు దారి పడింది. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. సుబ్బారావు ఆ ఏడే మరణించారు. మాత్రగా అతి తక్కువ ధరకు దొరికే ఆ పాత మందు, ఈ కాలపు ఖరీదైన మందుతో జత కట్టి పరేల్‌లో పనిచేయడం ఆయన ఊహించి ఉండరు.

చిన్న మోతాదు గురించి విన్నవారు తొందరపడి ఒక పొరపాటు చేయవచ్చు. ఈ పరీక్ష చిన్న మోతాదును పూర్తి మోతాదుతో పోల్చి చూడలేదు. చవక మందులు మాత్రమే తీసుకున్నవారితో పోల్చింది. కనుక 20 మిల్లీగ్రాములు 240 మిల్లీగ్రాములకు సమానమని అది నిరూపించిందనడం తప్పు. ఏమీ లేకపోవడం కంటె ఆ కొద్ది పాటి మందు ఎంతో మేలని నిరూపించింది. ఒకే ఆసుపత్రిలో, ఒకే రకం క్యాన్సర్‌లో జరిగిన పని అది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కో, మూత్రపిండాల క్యాన్సర్‌కో దీనిని యథాతథంగా అన్వయించుకోరాదు. పూర్తి మోతాదు ఉచితంగానో, బీమా ద్వారానో దొరుకుతున్న రోగి చవక అని చిన్న మోతాదుకు మారడం తెలివి కాదు. దొరకని రోగికి మాత్రం "స్తోమత లేదు గనుక ఇమ్యునో లేదు" అన్నది ఇక చివరి మాట కానక్కరలేదు. ఆ తరువాత దేశంలోని పలు ఆసుపత్రులు ఈ పద్ధతిని అనుసరిస్తున్నాయి. "చిన్న మోతాదు నివోలుమాబ్ మా రోగికి వర్తిస్తుందా?" అని అడగడంలో సంకోచం అక్కరలేదు.

ఒక ఆచరణ సమస్య ఉన్నది. నివోలుమాబ్ 40, 100 మిల్లీగ్రాముల సీసాలలో వస్తుంది. ఒక్క రోగికి 20 వాడి మిగిలినది పారబోస్తే చవక అన్న మాటకు అర్థం లేదు. ఒకే రోజున ఇద్దరినో, ఐదుగురినో పిలిచి ఒక సీసాను శుభ్రమైన పద్ధతిలో పంచగలిగే ఆసుపత్రులలోనే ఇది లాభిస్తుంది. రోగులు ఎక్కువగా వచ్చే పెద్ద ప్రభుత్వ, ధర్మాసుపత్రులకు ఇది సులువు. ఇచ్చిన తేదీని తప్పిస్తే నష్టం ఒక్కరిది కాదు, సీసాను పంచుకోవలసిన పక్కవాడిది కూడా.

మన దేశంలో ఆమోదం ఇచ్చేది కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ. 2019 నాటి కొత్త ఔషధాల, క్లినికల్ పరీక్షల నియమాల ప్రకారం విదేశాలలో ఆమోదం పొందిన మందుకు ఇక్కడ మళ్లీ పరీక్షలు అక్కరలేకుండా మినహాయింపు ఇచ్చే వీలున్నది. అమెరికా, బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, ఐరోపా సమాఖ్య ఆమోదాలను అందుకు లెక్కలోకి తీసుకుంటామని 2024 ఆగస్టులో ప్రభుత్వం ప్రకటించింది. మందు త్వరగా రావడం మంచిదే. కాని మందుతోపాటు అక్కడి మోతాదు, అక్కడి ధర కూడా వస్తున్నాయి. అమెరికాలో 2014లో పెంబ్రోలిజుమాబ్ నెలకు 12,500 డాలర్ల ధరతో విడుదలైంది. మోతాదు తగ్గించమని ఏ కంపెనీ దరఖాస్తు పెట్టుకొని తన అమ్మకాలను తానే తగ్గించుకోదు. కనుక చిన్న మోతాదుకు ఆమోద పత్రం లేకపోవడానికి శాస్త్రం ఒక్కటే కారణం కాదు. పత్రం లేని మోతాదును వ్రాసే అధికారం నిపుణుడైన డాక్టరుకు ఉన్నది; అది ఆమోదిత మోతాదు కాదని రోగికి విప్పి చెప్పవలసిన బాధ్యతా ఉన్నది.

ధర తగ్గించే ప్రయత్నాలు జరగలేదని కాదు. పెంబ్రోలిజుమాబ్‌పై 2023 ఏప్రిల్ నుండి, అదే కుటుంబానికి చెందిన డుర్వాలుమాబ్‌పై 2024లో కేంద్రం దిగుమతి సుంకాన్ని ఎత్తివేసింది. ఆయుష్మాన్ భారత్ కింద అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స లభిస్తుంది, 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేదు. ఆ కార్డు స్వంత రాష్ట్రం దాటినా చెల్లుతుంది. మహారాష్ట్రలో స్థిరపడినవారికి మహాత్మా జ్యోతిరావ్ ఫూలే జన ఆరోగ్య పథకం ఉన్నది. ఈ పథకాలలో ఏ మందు ఏ జబ్బుకు వర్తిస్తుందో జాబితాలు మారుతూ ఉంటాయి. కనుక పుకారును నమ్మక ఆసుపత్రిలోనే కూర్చునే ఆరోగ్యమిత్రను, లేదా 14555 నంబరును అడగాలి. ఊరి రేషన్ కార్డు, ఇక్కడి ఆధార్ చిరునామా వేర్వేరుగా ఉండడం వలస కుటుంబాలకు ఎదురయ్యే మొదటి అడ్డంకి. జబ్బు రాకముందే దానిని సరిచేసుకున్నవారు అదృష్టవంతులు. ఉత్తరాంధ్రవారు ముంబయి దాకా రానక్కర లేకుండా టాటా మెమోరియల్ కేంద్రానికే చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖపట్నం అగనంపూడిలో ఉన్నది. ఈ సంగతి తెలియక రైలెక్కేవారు ఇంకా ఉన్నారు.

ఇక మందు మొదలైన తరువాత. కీమోలో జుట్టు రాలుతుంది, వాంతులు అవుతాయి, ఏదో జరుగుతున్నదని అందరికీ తెలుస్తుంది. ఇమ్యునోథెరపీ రోగి తేలికగానే కనబడతాడు. అందువల్లనే ప్రమాదం కనబడదు. కళ్లెం తీసిన టీ-కణాలు అప్పుడప్పుడు సొంత అవయవాల మీద పడతాయి. పేగుల మీద పడితే విరేచనాలు, ఊపిరితిత్తుల మీద పడితే పొడిదగ్గు, ఆయాసం, కాలేయం మీద పడితే కామెర్లు, థైరాయిడ్ మీద పడితే విపరీతమైన నీరసం. ఒంటి మీద దద్దుర్లు, ఒక్కొక్కసారి ఉన్నట్టుండి చక్కెర వ్యాధి. ఇవి మందు మొదలైన వారానికీ రావచ్చు, మందు ఆపిన నెలలకూ రావచ్చు.

వలస కుటుంబాలు దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. రోగి కాస్త కోలుకోగానే దసరాకో, బోనాలకో, పెళ్లికో ఊరికి వెళతాడు. అక్కడ నాలుగు రోజులు విరేచనాలు అవుతాయి. పెళ్లి భోజనం పడలేదనుకుంటారు. ఊరి డాక్టరు సెలైన్ పెట్టి, విరేచనాలు కట్టే మాత్ర ఇచ్చి పంపుతాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఈ విరేచనాలు ఆ మాత్రకు ఆగేవి కావు. టీ-కణాలను శాంతింపజేసే స్టెరాయిడ్ వేళకు పడాలి. ఆలస్యమైతే పేగుకు చిల్లు పడి ప్రాణం పోయే ప్రమాదం ఉన్నది. అందుకని ఈ మందు తీసుకున్న ప్రతి రోగి జేబులో, పర్సులో ఒక కాగితం ఉండాలి. మందు పేరు, చివరిగా ఎక్కించిన తేదీ, ఆసుపత్రి ఫోన్ నంబరు. చదువు రాని తల్లి అయితే పక్కనున్న మనుమడికి ఆ కాగితం ఎక్కడున్నదో చెప్పి ఉంచాలి. ఊరి డాక్టరుకు మొదట చూపవలసినది ఆ కాగితం, చెప్పవలసిన మొదటి మాట "ఇమ్యునో తీసుకున్నాను" అన్నది. పాత క్షయ, కీళ్లవాతం, సోరియాసిస్ వంటివి ఉంటే మందు మొదలుపెట్టక ముందే డాక్టరుకు చెప్పాలి, అవి మళ్లీ రేగవచ్చు.

చివరిగా, మందు కొనే చోటు. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ఆసుపత్రులలో వాడి పారేసిన ఖరీదైన క్యాన్సర్ మందుల ఖాళీ సీసాలను సేకరించి, వాటిలో ఫంగస్ మందు నింపి, అసలు మందుగా అమ్మిన ముఠా అది. వాటిలో ఈ ఇమ్యునోథెరపీ మందులూ ఉన్నాయి. కొన్నవారు ఎవరో ఊహించవచ్చు. ఎకరం అమ్మిన డబ్బుతో, "బయట తక్కువకు ఇప్పిస్తాం" అన్న తెలిసినవారి మాట నమ్మి కొన్నవారే. రశీదు లేకుండా, బ్యాచ్ నంబరు వ్రాయకుండా, మధ్యవర్తి చేతి మీదుగా వచ్చిన సీసాను ఒంట్లోకి ఎక్కించుకోరాదు. ఆసుపత్రి ఫార్మసీలో, లేదా లైసెన్సు ఉన్న దుకాణంలో బిల్లుతోనే కొనాలి. దారి పొడవునా మంచు పెట్టెలో, 2 నుండి 8 డిగ్రీల చలువలో ఉన్నదో లేదో చూడాలి. పెట్టె మీది బ్యాచ్ నంబరు, సీసా మీది నంబరు, బిల్లు మీది నంబరు మూడూ ఒకటిగా ఉండాలి. మందు ఎక్కించిన తరువాత ఖాళీ సీసా మీది చీటీని చింపించి, సీసాను అక్కడే తమ కళ్లెదుట పగులగొట్టించి, ఆ తరువాతే వార్డు వదలాలి. నర్సు విసుక్కుంటుంది. విసుక్కోనివ్వండి. ఆ సీసా సరిగా పగిలితే, రేపు మరొక కాలిబాట మీద మరొక తెలుగువాడికి అందులో నీళ్లు నింపి అమ్మే వీలుండదు.

పొగాకు మానదలచినవారికి 1800-112-356 నంబరులో ఉచితంగా సలహా దొరుకుతుంది. ప్రశ్నలు ఉన్నవారు ఫైలు, బయాప్సీ నివేదిక వెంట తెచ్చుకొని సభ ముగిశాక వైద్యుల బల్ల వద్దకు రావచ్చు.